మార్కు వేసే ముందు ఆ తప్పును చదవండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా లెక్కల ప్రశ్నపత్రాలు తయారుచేసే బృందాలకు, వాటి ఫలితాలు అడిగే విద్యాధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

మూడో తరగతి పేపర్లో 52 − 27 అనే తీసివేత ఇచ్చారనుకుందాం. ఒక అమ్మాయి 35 అని రాసింది. పక్క వరుసలో ఒక అబ్బాయీ 35 అనే రాశాడు. ఇద్దరికీ సున్నా పడింది. మార్కుల రిజిస్టరు ప్రకారం ఇద్దరూ ఒకటే.

ఆ అమ్మాయి ఒకట్ల స్థానంలో 2ను, 7ను చూసింది. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అన్నది పట్టించుకోకుండా పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసింది. 7లో 2 పోతే 5, పదుల్లో 5లో 2 పోతే 3. అబ్బాయి అలా చెయ్యలేదు. 2లోంచి 7 పోవని కనిపెట్టాడు, పక్కనుంచి ఒక పది అప్పు తెచ్చుకున్నాడు, 12లో 7 తీసి 5 వేశాడు. అప్పిచ్చిన 5ను 4 చెయ్యడం ఒక్కటే మరిచిపోయాడు. వాడికి ఇంకొక్క మెట్టు చూపిస్తే చాలు, అరగంట పని. అమ్మాయికి మాత్రం రెండంకెల సంఖ్య అంటే ఏమిటో మళ్లీ మొదటినుంచి చెప్పాలి, రెండు వారాలైనా పడుతుంది. ఇద్దరినీ ఒకే గుంపులో కూర్చోబెట్టి పది తీసివేతలు చేయించామంటే అమ్మాయి అదే తప్పు పదిసార్లు చేసి దాన్ని గట్టిపరుచుకుంటుంది.

ఇప్పుడు అదే లెక్కలో 27 బదులు 28 పెట్టి చూడండి. 52 − 28. అమ్మాయి 36 రాస్తుంది, అబ్బాయి 34 రాస్తాడు. ఇద్దరూ విడివిడిగా కనబడతారు. 27 పెట్టినప్పుడు ఎందుకు కలిసిపోయారంటే, ఒకట్ల స్థానంలోని రెండు అంకెల మధ్య తేడా 5. 7లో 2 పోయినా 5, 12లో 7 పోయినా 5. 63 − 28, 41 − 16, 84 − 39, అన్నిట్లోనూ ఇదే చిక్కు. ఒకట్లలో తేడా 5 వచ్చే తీసివేతను పరీక్షలో పెట్టకూడదన్న ఒక్క నియమం ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు పాటిస్తే, పైసా ఖర్చు లేకుండా ఆ పేపరు విలువ రెట్టింపవుతుంది.

ఈ లేఖలో మేము అడిగేది మొత్తంగా ఇదే. పిల్లవాడి లెక్క తప్పయినప్పుడు దానికి పడిన మార్కు కన్నా ఆ తప్పు ఏమిటన్నది రికార్డుకెక్కాలి. అందుకు వీలుగా ప్రశ్నలు ఉండాలి, కాగితం ఉండాలి, ఉపాధ్యాయుడికి సమయం ఉండాలి.

52 − 28నే ఇంకాస్త దగ్గరనుంచి చూద్దాం. సరైన జవాబు 24. 36 వస్తే పెద్దదాంట్లోంచి చిన్నది తీశారు. 34 వస్తే అప్పు తెచ్చారు గానీ తగ్గించలేదు. 30 వస్తే, 2లోంచి 8 పోవు కాబట్టి అక్కడ సున్నా అని వేసేశారు. 80 వస్తే గుర్తు చూడకుండా కూడేశారు. 710 వస్తే కూడడమే కాదు, 2, 8 కలిపిన 10ని అలాగే కింద దించేశారు, అంటే ఆ పిల్లకు కూడికలోనూ చేతిలో ఒకటి ఉంచుకోవడం రాలేదు. 25 వస్తే ఒకసారి ఆగి చూడాలి. వేళ్ల మీద వెనక్కి లెక్కపెడుతూ 52నే మొదటిదిగా లెక్కవేసే పిల్లలకు ఒకటి ఎక్కువ వస్తుంది. వాళ్లకు స్థాన విలువతో పేచీ లేదు. అసలు వాళ్లు స్థానాల దాకా రానేలేదు, ఇరవై ఎనిమిది అడుగులు వెనక్కి నడిచారంతే. ఒక్క లెక్కకు ఆరు తప్పు జవాబులు, ఆరుగురు వేర్వేరు పిల్లలు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లోనే పిల్లల తీసివేతల్లోని తప్పులను ఇలా విడదీసి చూపించారు. పిల్లలు అడ్డదిడ్డంగా ఏదో రాసెయ్యడం తక్కువ, తమదైన ఒక తప్పు పద్ధతిని క్రమం తప్పకుండా పాటించడమే ఎక్కువ అన్నది వాళ్లు చెప్పిన మాట. మన బళ్లలో నోటుపుస్తకాలు వరసగా నాలుగు తిరగేసినా ఇదే కనబడుతుంది.

అయితే ఒక్క లెక్కను పట్టుకుని తీర్పు చెప్పకూడదు. పొరపాటు వేరు, పాతుకున్న తప్పు వేరు. పిల్లవాడు తొందరలో ఒకచోట 34 రాసి ఉండొచ్చు. అందుకని ఒకే రకం లెక్కలు మూడు ఉండాలి. మూడింట్లో రెండు చోట్ల ఒకే తప్పు కనబడితే అది పాతుకున్నది. ఒక్కచోటే ఉంటే వదిలెయ్యొచ్చు, పిల్లవాణ్ణే మళ్లీ చూసుకోమంటే సరిదిద్దుకుంటాడు. ఇప్పటి పేపర్లలో తరచూ కూడిక ఒకటి, తీసివేత ఒకటి, గుణకారం ఒకటి, ఒక ఆకారం, ఒక గడియారం, ఒక డబ్బుల లెక్క ఇలా పాఠానికొకటి చొప్పున ఉంటాయి. పాఠాలన్నీ కవర్ అవుతాయి గానీ ఏ ఒక్క పిల్ల గురించీ ఏమీ తెలియదు. ప్రాథమిక తరగతుల్లో సగం పేపరునైనా నాలుగు ప్రక్రియలకు, ఒక్కోదానికి మూడేసి లెక్కల చొప్పున కేటాయించమని కోరుతున్నాం.

అప్పు అవసరం లేని తీసివేత కూడా ఒకటి వాటితో పాటు ఇవ్వాలి. 47 − 23కి అమ్మాయి 24 అనే రాస్తుంది, టిక్కు పడుతుంది. పెద్దదాంట్లోంచి చిన్నది తీసే పద్ధతికి ఇక్కడ సరైన జవాబే వస్తుంది. అందుకే అప్పు లేని లెక్కలు ఎక్కువ పెట్టిన పేపర్లో తరగతి మొత్తానికి మంచి మార్కులు వస్తాయి, మూణ్ణెల్ల తర్వాత అందరూ ఒక్కసారిగా వెనకబడినట్టు కనబడతారు. నిజానికి వాళ్లు ముందునుంచీ అక్కడే ఉన్నారు.

చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం 2021 జులై 5న మొదలైన జాతీయ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతి ముగిసేసరికి 99 లోపు తీసివేత రావాలని ఉంది. పల్లెల్లో పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం, ఐదో తరగతిలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 30.7 శాతం. ఆ సర్వేలు దేశం గురించి, రాష్ట్రం గురించి చెబుతాయి. అవి అందుకోసమే పుట్టాయి. ఏ బడిలో ఏ పిల్లకు రేపు పొద్దున మొదటి పీరియడ్‌లో ఏం చెప్పాలో వాటిని అడిగి లాభం లేదు. చిక్కేమిటంటే బడిలో పెట్టే పరీక్షను కూడా మనం చిన్న సైజు సర్వేగా మార్చేశాం. శాతాలు పై అధికారులకు వెళుతున్నాయి, నోటుపుస్తకం బడిలోనే ఉండిపోతోంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లల అవగాహనను, దాన్ని వాడుకోగల సామర్థ్యాన్ని నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చెయ్యాలంది. అవగాహన అన్న మాటను మనం ఎక్కడో జారవిడుచుకున్నాం.

ఇక కాగితం సంగతి. చిన్న విషయాల్లా కనబడతాయి గానీ ఇక్కడే చాలా పోతుంది.

కూడికలు, తీసివేతలు నిలువుగా అచ్చువేసి ఇవ్వకండి. 34 + 5 అని అడ్డంగా ఇవ్వండి. నిలువుగా అమర్చే పని పిల్లే చేసుకోవాలి. 5ను 3 కింద పెట్టి 84 రాసే పిల్లలు, అన్నీ కలిపేసి 12 రాసే పిల్లలు అప్పుడే బయటపడతారు. మీరే వరస కట్టి ఇస్తే ఆ తప్పు జరిగే అవకాశమే ఉండదు, కాబట్టి తెలిసే అవకాశమూ ఉండదు. ప్రతి లెక్క పక్కనే చేసుకోవడానికి నాలుగు వేళ్ల వెడల్పు చోటు వదలండి. చివరి పేజీలో రఫ్ వర్క్ అని ఒక గడి పెడితే చాలదు, ఏ గీతలు ఏ లెక్కవో తేలదు. మార్జిన్‌లో నలభై ఏడు నిలువు గీతలు, వాటి పక్కన ముప్పై ఆరు గీతలు గీసి మొత్తం లెక్కపెట్టి 83 రాసిన మూడో తరగతి పిల్లకు పూర్తి మార్కు పడుతుంది. ఆ గీతలు చూసినవాళ్లకు మాత్రం ఆ పిల్ల ఇంకా ఒకటో తరగతి పద్ధతిలోనే ఉందని తెలుస్తుంది. రబ్బరు వాడనివ్వొద్దు. తప్పనిపిస్తే ఒక గీత కొట్టి పక్కన రాయమనాలి. చెరిపేసిన జవాబుతో పాటు మనకు కావలసింది కూడా చెరిగిపోతుంది.

ఓఎంఆర్ గురించి, అంటే గుండ్రాలు నింపితే స్కానరు దిద్దే జవాబుపత్రాల గురించి, రెండు మాటలు. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో తరగతి గది ఆధారిత మూల్యాంకనంతో చిన్న తరగతులకూ ఓఎంఆర్ పరిచయమైంది. దిద్దే భారం తగ్గుతుందన్నది నిజమే. కానీ నాలుగు ఐచ్ఛికాలున్న ఇరవై ప్రశ్నలకు కళ్లు మూసుకుని గుండ్రాలు నింపినా సగటున ఐదు ఒప్పవుతాయి. ఒక వరస జారితే ఆ కింద ఉన్నవన్నీ తప్పవుతాయి, రెండో తరగతి పిల్లలకు వరస జారడం మామూలే. బహుళైచ్ఛిక ప్రశ్నలు తప్పవంటే ఐచ్ఛికాలనైనా ఆలోచించి పెట్టండి. 52 − 28కి 24, 96, 11, 50 అని ఇస్తే ఏ పిల్ల ఎందుకు ఏది ఎంచుకుందో ఎవరికీ తెలియదు. 24, 34, 36, 30 అని ఇవ్వండి. అప్పుడు నింపిన గుండ్రమే తప్పు పేరు చెబుతుంది, స్కానరు కూడా కాస్త పనికొచ్చే పని చేస్తుంది.

మిగిలిన ప్రక్రియలకూ ఇలాంటి జాబితాలున్నాయి, క్లుప్తంగా రాస్తాం. 47 + 36కి 83 రావాలి. 73 వస్తే చేతిలో ఒకటి మరిచారు, 713 వస్తే 13ను అలాగే దించారు, 101 వస్తే 13లో 1ని రాసి 3ను చేతిలో ఉంచుకున్నారు, 20 వస్తే నాలుగు అంకెల్నీ కలిపేశారు. 23 × 4కి 92 రావాలి. 82 అంటే చేతిలోది కలపలేదు. 122 అంటే చేతిలో ఉన్న 1ని ముందే 2కి కలిపి, ఆ 3ను నాలుగుతో గుణించారు. ఈ 122 రాసే పిల్లలకు ఎక్కాలు బాగా వచ్చి ఉంటాయి, కాబట్టి వాళ్ల చేత మళ్లీ ఎక్కాలు వల్లె వేయించడం వృథా. 402 − 156 నడుమ సున్నా ఉన్న లెక్క. జవాబు 246. 354 అయితే మన పాత అమ్మాయి పద్ధతే. 256 అయితే వందల నుంచి పదులకు పది తెచ్చారు గానీ, అందులోంచి ఒకట్లకు అప్పిచ్చాక అక్కడ 9 మిగలాలని తెలియదు. 346 అయితే 9 వేశారు గానీ 4ను 3 చెయ్యలేదు. భాగహారంలో 824 ÷ 8కి 13 అని రాసేవాళ్లు ఎక్కువ, జవాబు 103. పదుల్లో 2లో 8 పోనప్పుడు పైన సున్నా వెయ్యాలన్నది జారిపోతుంది. ఈ పిల్లలకు విధానం మళ్లీ చెప్పేకన్నా 800 రూపాయలు ఎనిమిది మందికి పంచితే తలా ఎంత వస్తుందని నోటిలెక్క అడగడం మేలు. వంద అని చెప్పాక తన 13ను తనే అనుమానంగా చూసుకుంటుంది.

మూడో తరగతి నుంచి 8 + 4 = ☐ + 5 లాంటిది ఒక్కటి పెట్టండి. గడిలో 12 రాసేవాళ్లు, 17 రాసేవాళ్లు ఎంతమందో చూస్తే ఆశ్చర్యపోతారు. సమానం గుర్తు అంటే ఇక జవాబు రాయమని చెప్పే గుర్తు అనే వాళ్లు అనుకుంటున్నారు. రెండు పక్కలా బరువు సరిపోవాలన్న సంగతి హైస్కూల్లో బీజగణితం వచ్చేదాకా ఆగితే చాలా ఆలస్యమవుతుంది.

ఇప్పుడు భాష దగ్గరికి వస్తాం. ఎక్కువ శ్రద్ధ కావలసింది ఇక్కడ.

రెండు రాష్ట్రాల్లోనూ సర్కారు బడుల చిన్న తరగతుల చేతిలో ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలున్నాయి. లెక్క చెప్పేది రెండు భాషలూ కలగలిపి. పరీక్షలో సంఖ్యలు చెప్పి రాయించేటప్పుడు ఏ భాషలో చెప్పామన్నది ఫలితాన్నే మార్చేస్తుంది. తెలుగులో పదహారు అంటే పది ముందు, ఆరు తర్వాత. రాసే వరస కూడా అదే. ఇంగ్లిష్‌లో సిక్స్‌టీన్ అంటే ఆరు ముందు వినబడుతుంది, పిల్ల 61 రాస్తుంది. ఫోర్టీన్ అంటే 41. పైగా థర్టీన్, థర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ చెవికి ఒకేలా ఉంటాయి, చివరి న పొల్లు తరగతి గోలలో కలిసిపోతుంది. 61 రాసిన పిల్లకు స్థాన విలువ రాదని తేల్చే ముందు అదే సంఖ్యను పదహారు అని తెలుగులో చెప్పి చూడాలి. 16 రాసిందంటే ఆమెకు రానిది ఇంగ్లిష్ సంఖ్యా నామాలు, లెక్క కాదు.

తెలుగులోనూ గోతులు లేకపోలేదు. ఇరవై దాటాక మన పేర్లు చక్కగా వరసలో నడుస్తాయి, ఇరవై ఒకటి, ముప్పై రెండు అని. కానీ డెబ్భైలో ఏడు వినబడదు, అందుకని డెబ్భై, ఎనభై, తొంభై తారుమారవుతాయి. పంతొమ్మిదిలో పది దాక్కుంటుంది. వందలు దాటితే ఇంకో రకం. నూట ఏడు అంటే 1007 రాస్తారు, మూడు వందల నలభై రెండు అంటే 30042. విన్నది విన్నట్టు, వంద పక్కన ఏడు, మూడు వందల పక్కన నలభై రెండు. ఇది చాలా తర్కబద్ధమైన తప్పు, దీన్ని చూసి నవ్వకూడదు. ఉర్దూ మీడియంలో అయితే 26ను ఛబ్బీస్ అంటారు, ఆరు ముందు వినబడుతుంది, అక్కడ 62 రాయడం గురించి విడిగా గమనించాలి. ఇంట్లో లంబాడీ, కోయ, గోండి మాట్లాడే పిల్లలకు బడిలో వినబడే తెలుగు, ఇంగ్లిష్ వరసలు రెండూ పరాయివే. కాబట్టి మా విన్నపం ఏమిటంటే, సంఖ్యలు రాయించే ప్రశ్నకు ఆరు సంఖ్యలు ఎంచుకోండి, ఆరింటినీ తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో వేరే రోజున ఒకసారి చెప్పించండి. రెండు ఫలితాలనూ పక్కపక్కన రాయించండి. ఆ ఆరింట్లో ఒకటి పదమూడు నుంచి పంతొమ్మిది మధ్య, ఒకటి డెబ్భైల్లో, ఒకటి తొంభైల్లో, ఒకటి నూట ఏడులా నడుమ సున్నా ఉన్నది ఉండాలి.

పద సమస్యల్లో ఇంకో ముడి ఉంది. లక్ష్మి దగ్గర 12 గోలీలు ఉన్నాయి, అవి రాజు దగ్గరున్నవాటి కన్నా 5 ఎక్కువ, రాజు దగ్గర ఎన్ని ఉన్నాయి? ఎక్కువ అన్న మాట కనబడగానే పిల్లలు కూడి 17 రాస్తారు. మనమే నేర్పాం కదా, మొత్తం అంటే కూడు, మిగిలినవి అంటే తీసెయ్ అని. అయితే తప్పు రాసిన ప్రతి పిల్లా ఈ వలలో పడిందని చెప్పలేం. చదవలేకపోయి ఉండొచ్చు, చదివి అర్థం కాకపోయి ఉండొచ్చు, అర్థమై లెక్క తప్పి ఉండొచ్చు. ఈ మూడింటినీ విడదీయడానికి రెండు పనులు చాలు. అదే పేపర్లో మరోచోట 12 − 5ను ఊరికే లెక్కగా పెట్టండి. పద సమస్యను ఉపాధ్యాయుడు రెండుసార్లు పైకి చదివి వినిపించడానికి అనుమతి ఇవ్వండి. లెక్కల పరీక్షలో చదవడం రానందుకు మార్కు పోవడం ఏ రకంగానూ లెక్కల మదింపు కాదు. దిద్దేవాళ్లకిచ్చే జవాబుల కీ రాసేటప్పుడు కూడా కాస్త చూసుకోండి. 23 మంది పిల్లలు, ఆటోకు ఐదుగురు, ఎన్ని ఆటోలు కావాలి అన్నదానికి భాగఫలం 4, శేషం 3 అని కీలో ఉంటే ముగ్గురు పిల్లలు రోడ్డు మీద ఉండిపోతారు. జవాబు 5 ఆటోలు.

రాత పరీక్ష ఎంత బాగా కూర్చినా జల్లెడ మాత్రమే. జల్లెడలో ఆగిన పిల్లల దగ్గర మూడు నిమిషాలు కూర్చోవాలి. దానికి కావలసిన సామగ్రి బడిలోనే దొరుకుతుంది. పదేసి చీపురు పుల్లలు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు ఐదు, విడి పుల్లలు పన్నెండు, పదహారు చింతపిక్కలు, ఒక పలక. పిల్లకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చోవాలి. ఎదురుగా కూర్చుంటే పలక ఎవరికో ఒకరికి తలకిందులుగా ఉంటుంది, పైగా అది విచారణలా ఉంటుంది.

మొదట పదహారు పిక్కలు లెక్కపెట్టించి పలక మీద 16 అని రాయించాలి. 6 చుట్టూ గుండ్రం గీసి, దీనికి సరిపడా పిక్కలు చూపించమనాలి. ఆరు పిక్కలు పక్కకు జరుపుతుంది. తర్వాత 1 చుట్టూ గీసి అదే అడగాలి. చాలామంది పిల్లలు ఒక్క పిక్కను తీసి చూపిస్తారు. మరి ఈ తొమ్మిది పిక్కలు ఎవరివి అని అడిగితే తెల్లబోతారు, లేదా అవి మిగిలిపోయాయి అంటారు. 1 అంటే ఇక్కడ పది అని తెలియని పిల్లకు అప్పు తెచ్చుకోవడం ఎన్నిసార్లు చెప్పినా అది ఒక మంత్రమే. ఈ ఒక్క ప్రశ్నకు నలభై సెకన్లు పడుతుంది. ఏ రాత పేపరూ దీన్ని చెప్పలేదు.

తర్వాత 8, 5 కలిపితే ఎంత అని నోటితో అడగాలి. ఇక్కడ జవాబు కన్నా చేతుల్ని చూడాలి. ఎనిమిది వేళ్లు తెరిచి, మళ్లీ ఐదు తెరిచి, ఒకటి నుంచి పదమూడు దాకా లెక్కపెట్టేవాళ్లు ఒక మెట్టు. ఎనిమిది మనసులో పెట్టుకుని తొమ్మిది, పది అంటూ వేలి కణుపుల మీద ముందుకెళ్లేవాళ్లు తర్వాతి మెట్టు. 8కి 2 కలిపితే పది, ఇంకో మూడు అనేవాళ్లు దానికి పైమెట్టు. ముగ్గురి జవాబూ పదమూడే. వేళ్లు వాడొద్దని గద్దిస్తే చేతులు బల్ల కిందికి వెళతాయి, మనకు కనబడకుండా పోతాయి, అంతే.

చివరగా 52 − 28 పుల్లలతో. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందుంచి, ఇందులోంచి ఇరవై ఎనిమిది నాకివ్వు అనాలి. రెండు కట్టలు ఇచ్చి, విడివి రెండే ఉన్నాయని ఆగిపోయిన పిల్ల తనంతట తాను ఒక కట్ట రబ్బరు బ్యాండు విప్పుతుందా లేదా అన్నదే చూడవలసింది. విప్పినట్టయితే ఆమెకు అప్పు అంటే తెలుసు, కాగితం మీది గుర్తులతో కలపడమే మిగిలింది. కాగితం మీద 24 రాసి, ఇక్కడ కట్ట విప్పడానికి తోచని పిల్లలు కూడా ఉంటారు, వాళ్లకు మార్కులు బాగానే వస్తుంటాయి. నాలుగో తరగతిలో 402 − 156 దగ్గర పడిపోయేది వాళ్లే. ఈ మూడు నిమిషాల్లో ఒప్పు, తప్పు అనే మాటలు రాకూడదు. ఎలా చేశావో చెప్పు అని జవాబు సరైనప్పుడు కూడా అడగాలి. తప్పు చేసినప్పుడే అడిగితే, ఆ ప్రశ్న వినగానే పిల్లలు జవాబు మార్చేస్తారు.

ముప్పై మంది ఉన్న తరగతికి ఇది తొంభై నిమిషాలు. రోజుకు ఐదుగురు చొప్పున పావుగంట, ఆరు రోజులు. అందరికీ అక్కర్లేదు, రాత పేపర్లో ఆగినవాళ్లకే అయితే మూడు రోజుల్లో అయిపోతుంది. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతులూ కలిపి ఇరవై మంది ఉంటే గంట. ఏడాదికి మూడుసార్లు. ఈ పనిని కొత్త యాప్‌గా మార్చవద్దని చేతులు జోడించి అడుగుతున్నాం.

రిజిస్టరులో మార్కుల గడి పక్కన ఇంకొక్క గడి ఇప్పించండి చాలు. అందులో ఒక అక్షరం రాస్తాం. పెద్దదాంట్లోంచి చిన్నది తీస్తే పె, తగ్గించకపోతే త, సున్నా దగ్గర ఆగితే సు, గుర్తు చూడకపోతే గు, వరస తప్పితే వ. సోమవారం పె పిల్లలు పుల్లల కట్టలతో కూర్చుంటారు. త పిల్లలు తీసివేత మొదలెట్టే ముందే పైన 4 పదులు, 12 ఒకట్లు అని రాసుకుంటారు. గు పిల్లలు ముందు గుర్తుకు రంగు పెన్సిల్‌తో గుండ్రం చుడతారు, లెక్క తర్వాత. పది రోజులకు అదే రకం లెక్కలు మూడు, అంకెలు మార్చి ఇస్తే, ఎవరి అక్షరం చెరిగిందో తెలుస్తుంది. ఆ పది రోజులు తర్వాతి పాఠం మొదలుపెట్టలేదని ఎవరూ అడగకూడదు. సిలబస్ కేలండరులో ప్రతి పరీక్ష తర్వాత ఆ పది రోజులను ఖాళీగా చూపించాల్సింది మీరే.

ఇంకొక షరతు. ఈ అక్షరాల గడి మండలానికి గానీ జిల్లాకు గానీ వెళ్లకూడదు. ఏ బడిలో ఎన్ని పెలు ఉన్నాయని పట్టిక వేసి ర్యాంకులిస్తే, మరుసటి పరీక్షకు ఆ గడి అన్ని బడుల్లోనూ ఖాళీగా కనబడుతుంది, జవాబులు నల్లబల్ల మీద కనబడతాయి. పై నుంచి ఎవరైనా చూడాలనుకుంటే బడికొచ్చి రెండు పేపర్లు చేతిలోకి తీసుకుని, ఈ పిల్ల ఇక్కడ ఏం చేసింది అని ఉపాధ్యాయుణ్ణి అడగొచ్చు. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో కూడా శాతాల బదులు అసలు జవాబుపత్రాలు పది తెచ్చి, బల్ల మీద పరిచి, అరగంట వాటి గురించే మాట్లాడుకోవచ్చు.

వచ్చే పేపరుకు వెంటనే వాడుకోగల ముక్క ఒకటి ఇక్కడే రాస్తున్నాం, మూడో తరగతికి. అన్నీ అడ్డంగా అచ్చువేయండి. కూడికలు 47 + 36, 28 + 54, 65 + 19, వాటితో పాటు 34 + 5. తీసివేతలు 52 − 28, 71 − 34, 90 − 46, వాటితో పాటు అప్పు లేని 47 − 23. 71 − 34కి 37 రావాలి, 43 అయితే పె, 47 అయితే త. 90 − 46కి 44 రావాలి, 56 అయితే పె, 54 అయితే త, 50 అయితే సు. దిద్దే కీలో ఒప్పు జవాబు పక్కన ఈ తప్పు జవాబులూ అచ్చువేసి పంపండి. పేపరు దిద్దాక పిల్లల దగ్గరికే తిరిగి వెళ్లాలి, బీరువాలోకి కాదు.

ఇట్లు,
ప్రాథమిక తరగతులకు లెక్కలు చెప్పే కొందరు ఉపాధ్యాయులు, గణిత శిక్షణలో పనిచేసే రిసోర్స్ పర్సన్లు